ఆస్పత్రి చీటీ, కోర్టు వాయిదా, వాటి వెనుక బాల్యం

నేరం పోలీసుల వ్యవహారమనీ జబ్బు వైద్యుల వ్యవహారమనీ పాలనలో ఏనాడో స్థిరపడిపోయింది. ఒక శాఖ దస్త్రం మరో శాఖ బల్ల మీదికి రాదు. జైల్లో ఉన్న మనిషి రెండేళ్ల వయసులో ఎంత బరువు తూగాడో జైలు అధికారికి తెలియదు. నలభై ఏళ్లకే మధుమేహం ముదిరి వచ్చిన మనిషి ఏ తరగతిలో బడి మానేశాడో డాక్టరు అడగడు. అయితే ఒకే కాలంలో పుట్టిన పిల్లలను దశాబ్దాల తరబడి వదలకుండా గమనిస్తూ వచ్చిన అధ్యయనాలు, అంటే శాస్త్రజ్ఞులు కోహోర్ట్ అధ్యయనాలని పిలిచేవి, గత యాభై అరవై ఏళ్లలో ఈ విభజన నిలవదని చూపాయి. పెద్దయ్యాక కోర్టుల చుట్టూ పదేపదే తిరిగేవారూ ఆస్పత్రి మంచం మీద ఎక్కువ రాత్రులు గడిపేవారూ చాలావరకు ఒకే చిన్న సమూహంలో ఉంటారనీ, ఆ సమూహంలోకి జారే అవకాశం ఎవరికి ఎక్కువో చెప్పే ఆనవాళ్లు బడి ఈడు రాకముందే కనిపిస్తాయనీ అవి తేల్చాయి. ఆ ఆనవాళ్లకు ముప్పు కారకాలని పేరు. ముప్పు కారకం ఫలితాన్ని ఖాయం చేయదు, దాని సంభావ్యతను పెంచుతుంది, అంతవరకే. ఈ చిన్న తేడాను మరిచిపోయిన చోటల్లా ఈ శాస్త్రం పిల్లలకు మేలుకు బదులు కీడు చేసింది కనుక, దాన్ని మొదటే గట్టిగా పట్టుకోవాలి.

ఈ విషయాన్ని రంగారెడ్డి జిల్లాలోని శంషాబాద్ నేల మీద నిలిపి చూడడానికి కారణం ఉంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి హైదరాబాద్ విమానాశ్రయం ఇక్కడికి తరలివచ్చింది. దానికోసం దాదాపు 5,500 ఎకరాలు సేకరించారు. అదే ఏడాది నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరుచుకుంది, మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. జొన్న, కూరగాయలు పండిన చెల్కల్లో వెంచర్లు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. భూమి మంచి ధరకు అమ్ముకున్నవారి పిల్లలు, అమ్ముకున్న డబ్బు నిలుపుకోలేకపోయినవారి పిల్లలు, అసలు భూమే లేని కూలీల పిల్లలు, పాలమూరు నుంచి వలస వచ్చిన మేస్త్రీ కుటుంబాల పిల్లలు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చినవారి పిల్లలు, బెంగళూరు హైవే మీద లారీలతో బతికేవారి పిల్లలు, అందరూ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పెరుగుతున్నారు. ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల బాల్యాలు పక్కపక్కనే ఉన్న చోట, ఏ బాల్యం ఎటు దారితీస్తుందన్న ప్రశ్న పుస్తకాల్లో మిగిలిపోయే ప్రశ్న కాదు.

ఈ రంగంలో తరచూ ఉదహరించే అధ్యయనం న్యూజీలాండ్‌లోని డునేడిన్ నగరానిది. 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి వరకు ఆ ఊళ్లో పుట్టిన పిల్లల్లో 1,037 మందిని మూడేళ్ల వయసు నుంచి క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వస్తున్నారు. ఎంత దూరం వలస పోయినా వారిని వెనక్కి పిలిపించి చూస్తారు గనుక, ఇన్నేళ్లయినా ఆ సమూహంలో చేజారినవారు చాలా తక్కువ. ఆవ్‌షలోమ్ కాస్పీ, టెరీ మాఫిట్ బృందం 2016 చివర ప్రచురించిన పత్రంలో, ముప్పై ఎనిమిదేళ్ల వయసు నాటికి ఈ వెయ్యి మందిలో ఎవరు ఏ ప్రభుత్వ సేవను ఎంత వాడుకున్నారో ప్రభుత్వ రికార్డుల నుంచే లెక్క తీశారు. కొందరు ఒక్క రంగంలో కాకుండా పలు రంగాల్లో ఒకేసారి ఎక్కువ భారంగా తేలారు. సమూహంలో 22 శాతంగా ఉన్న వీరి వాటా నేర నిర్ధారణల్లో 81 శాతం, మందుల చీటీల్లో 78 శాతం, సంక్షేమ భృతిలో 66 శాతం, ఆస్పత్రిలో గడిపిన రాత్రుల్లో 57 శాతం. నేరం, రోగం, పేదరికం అని మూడు శాఖలు విడివిడిగా లెక్కగట్టుకునే ఖర్చు నిజానికి అవే మనుషుల చుట్టూ పోగుపడి ఉంది.

వారి బాల్యంలోకి వెనక్కి వెళ్లి చూస్తే నాలుగు కారకాలు బలంగా కనిపించాయి. కుటుంబం పేదరికంలో ఉండడం, ఇంట్లో హింసకో నిర్లక్ష్యానికో గురికావడం, తెలివితేటల పరీక్షల్లో తక్కువ మార్కులు రావడం, స్వీయ నియంత్రణ తక్కువగా ఉండడం. స్వీయ నియంత్రణ అంటే తనకు కావలసినదాని కోసం కాసేపు ఆగగలగడం, కోపాన్ని అదుపు చేసుకోగలగడం, మొదలుపెట్టిన పనిలో మనసు నిలపగలగడం. మూడేళ్ల పిల్లలకు నలభై ఐదు నిమిషాలపాటు చేసిన పరీక్షలో నడక, మాట, గ్రహింపు, నిలకడ వంటివి చూసి మెదడు ఎదుగుదలను అంచనా వేశారు. ఆ అంచనా కూడా ముప్పై అయిదేళ్ల తర్వాతి భారంతో ముడిపడి ఉందని తేలింది. ఈ నాలుగింటిలో ఏదీ పిల్లవాడు కోరి తెచ్చుకున్నది కాదు. తెలివి, నిలకడ పుట్టుకతోనే ఇంతని గీసి ఇచ్చినవన్న భావన జనంలో బలంగా ఉన్నా, కడుపులో ఉన్నప్పుడు తల్లికి అందిన తిండి, తొలి రెండు మూడేళ్ల జబ్బులు, ఇంట్లో మాటామంతీ, నిద్ర, భయం వాటి మీద గట్టిగా పనిచేస్తాయని అనేక పరిశోధనలు చెబుతున్నాయి.

ఈ అంకెలను ఏ దిశలో చదవాలన్నది ముఖ్యం. భారంగా తేలినవారి బాల్యం వైపు వెనక్కి చూస్తే కష్టాలు దాదాపు ప్రతిచోటా కనిపిస్తాయి; కష్టాల్లో ఉన్న పిల్లల వైపు నుంచి ముందుకు చూస్తే మాత్రం వారిలో ఎక్కువమంది మామూలు గృహస్థులుగానే తేలుతారు. అమెరికా పరిశోధకురాలు లీ రాబిన్స్ 1966లోనే, సెయింట్ లూయిస్ నగరంలో చిన్నప్పుడు క్లినిక్‌కు తెచ్చిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో వెతికి, ఈ వైరుధ్యాన్ని స్పష్టం చేసింది. సంఘవిరుద్ధంగా ప్రవర్తించే పెద్దల్లో దాదాపు అందరికీ అలాంటి బాల్యమే ఉంది గానీ, అలాంటి పిల్లల్లో ఎక్కువమంది అలాంటి పెద్దలు కాలేదు. 1993లో మాఫిట్ దీనికి మరో మెట్టు చేర్చింది. కౌమారంలో తప్పుదారి పట్టేవారు రెండు రకాలనీ, మూడు నాలుగేళ్ల వయసు నుంచే ఇబ్బందులు మొదలై జీవితమంతా సాగేవారు కొద్దిమందే అనీ, పదిహేను పదహారేళ్లకు మొదలుపెట్టి ఇరవైలు దాటేసరికి తమంతట తామే మానుకునేవారు చాలామంది అనీ ప్రతిపాదించింది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే ఆలోచించి ఆగే పనిని చూసుకునే మెదడు భాగం, ఇరవైల మధ్య దాకా ముదురుతూనే ఉంటుంది గనుక ఈ మానుకోవడంలో వింతేమీ లేదు. పదహారేళ్ల వాడి తప్పును బట్టి ముప్పై ఏళ్ల మనిషిని ఊహించడం శాస్త్రరీత్యా బలహీనమైన పని.

డునేడిన్ అంకెలను తెలంగాణకు యథాతథంగా దించుకోవడం కూడా కుదరదు. న్యూజీలాండ్‌లో ప్రభుత్వాస్పత్రి చికిత్స ఉచితం కాబట్టి అక్కడ ఆస్పత్రిలో గడిపిన రాత్రుల సంఖ్య అవసరాన్ని చూపిస్తుంది. ఇక్కడ అది అవసరంతో పాటు చేతిలోని డబ్బును, పోగొట్టుకోగల రోజుకూలీని, ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దూరాన్ని కూడా చూపిస్తుంది. బాల్యం దెబ్బతిన్న మనిషి ఇక్కడ ఎక్కువసార్లు ఆస్పత్రికి వెళ్లకపోవచ్చు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని పనికి వెళ్లి, చివరికి కిడ్నీ దెబ్బతిన్నాక ఉస్మానియాకో నిమ్స్‌కో చేరవచ్చు. అతని భారం ప్రభుత్వ లెక్కల్లో పడక ముందే వడ్డీ వ్యాపారి పుస్తకంలో పడుతుంది. నేరం లెక్క కూడా అంతే. దేశంలోని జైళ్లలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నవారు. మొత్తం ఖైదీల్లో మూడింట రెండు వంతుల మంది పదో తరగతి దాకా చదవనివారు. ఈ అంకెలో బాల్యం పాత్ర ఎంతో, బెయిలుకు పూచీకత్తు ఇచ్చేవాడు లేకపోవడం పాత్ర ఎంతో విడదీయడం తేలిక కాదు. అందుకే తెలుగు నేల మీద జరిగిన అధ్యయనాల విలువ ఎక్కువ.

వాటిలో అన్నిటికన్నా దగ్గరిది ఇదే రంగారెడ్డి జిల్లాలో, శంషాబాద్‌కు తూర్పున ఇబ్రహీంపట్నం వైపు పల్లెల్లో మొదలైంది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే అంగన్‌వాడీల పథకం, 1975లో పుట్టినా దేశమంతా ఒకేసారి రాలేదు, బ్లాకు తర్వాత బ్లాకుగా వచ్చింది. ఈ ఆలస్యాన్నే అవకాశంగా మలచుకుని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు 29 గ్రామాలను గమనించింది. పథకం అప్పటికే వచ్చిన 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. పథకం ఇంకా రాని పక్క బ్లాకులోని 14 గ్రామాల్లో అందలేదు. ఆ ఆహారం ఏ విదేశీ పొట్లమో కాదు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండిని సోయా నూనెతో వండిన ఉప్మా. గర్భిణికి అందులో సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు, పిల్లవాడికి 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు ఉండేవి. పిల్లలందరికీ అది రోజూ అందిందని కాదు, వచ్చినవారు తిన్నారు. కొన్ని ఇళ్లలో ఆ గిన్నెను నలుగురూ పంచుకునే ఉంటారు.

2003 నుంచి 2005 మధ్య సంజయ్ కిన్రా నాయకత్వంలోని బృందం ఆ గ్రామాలకు మళ్లీ వెళ్లి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చిన 1,165 మందిని పరీక్షించింది. పథకం అందిన గ్రామాల్లో పుట్టినవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా వారిలో ఇన్సులిన్ నిరోధకత, అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయని స్థితి, 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసుదనం కూడా కొంత తగ్గింది. మధుమేహానికీ గుండె జబ్బుకూ దారితీసే మార్పులివి. ఆ పిల్లలనే మరో బృందం చదువు కోణం నుంచి చూసి 2016లో ప్రచురించిన పత్రం ప్రకారం, పథకం అందిన గ్రామాల వారు బడిలో కొనసాగే అవకాశం ఎక్కువ, సగటున ఒక తరగతికి కొంచెం తక్కువ మేర ఎక్కువ చదివారు. గ్రామాలను లాటరీ వేసి ఎంచలేదు గనుక పథకం ముందుగా వచ్చిన బ్లాకుకు వేరే అనుకూలతలు కూడా ఉండి ఉండవచ్చన్న సందేహాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. అయినా ఒక గిన్నె ఉప్మా పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలోనూ పాఠశాల హాజరు పట్టీలోనూ ఒకేసారి కనిపించడం చిన్న విషయం కాదు. ఈ అధ్యయనం నేరాన్ని కొలవలేదు. కానీ బడిలో నిలవడం నేరానికి దూరంగా ఉంచే బలమైన అంశాల్లో ఒకటని డునేడిన్ నుంచి లండన్ దాకా చూపిన అధ్యయనాలు ఉన్నాయి కాబట్టి, ఆ గిన్నె ప్రభావం ఒక్క ఆరోగ్య శాఖ లెక్కలోనే ఆగిపోయిందని అనుకోవడానికి వీల్లేదు.

రెండో అధ్యయనం పరిధి మరింత పెద్దది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నాలుగు దేశాల్లో 2002లో మొదలుపెట్టిన యంగ్ లైవ్స్ అధ్యయనానికి భారతదేశంలో ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. శ్రీకాకుళం నుంచి మహబూబ్‌నగర్ దాకా వివిధ జిల్లాల్లోనూ హైదరాబాద్ నగరంలోనూ సుమారు 3,000 మంది పిల్లలను అప్పటినుంచి గమనిస్తున్నారు. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్న షాద్‌నగర్ అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఈ అధ్యయనంలో ఎనిమిదేళ్ల పిల్లలను గత వారంలో బడిలో ఏం జరిగిందని అడిగితే, పదిమందిలో తొమ్మిది మందికి పైగా టీచరు ఎవరినో కొట్టడం చూశామన్నారు, నాలుగింట మూడు వంతుల మందికి పైగా తామే దెబ్బలు తిన్నామన్నారు. నాలుగు దేశాల్లోనూ ఇదే అత్యధికం. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను 2010 ఏప్రిల్ నుంచి బడిలో దండనను నిషేధించింది. అయినా కొట్టకపోతే పిల్లలు మాట వినరన్న నమ్మకం టీచర్లలోనూ తల్లిదండ్రుల్లోనూ ఉంది. దెబ్బ వల్ల ఆ క్షణానికి పిల్లవాడు కదలకుండా కూర్చుంటాడు గానీ ఆగడం నేర్చుకోడు. ఆగమనేవాడు పక్కన లేనప్పుడు ఏం చేయాలో ఆ దెబ్బ నేర్పలేదు. స్వీయ నియంత్రణ గురించి పైన చెప్పినదానికీ దీనికీ ఉన్న సంబంధం ఇదే.

ఇంట్లోని హింస సంగతి 1998లో అమెరికా వైద్యులు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా వెలుగులోకి తెచ్చారు. శాన్ డియాగోలో ఆరోగ్య పరీక్షలకు వచ్చిన తొమ్మిదిన్నర వేల మందిని, చిన్నప్పుడు దెబ్బలు, లైంగిక హింస, ఇంట్లో తాగుబోతు, తల్లిని కొట్టడం చూడడం, ఇంటి మనిషి జైలుకు వెళ్లడం వంటివి అనుభవించారా అని అడిగారు. అలాంటివి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ అనుభవించినవారిలో మద్యపానం, మత్తు పదార్థాలు, కుంగుబాటు, ఆత్మహత్యా యత్నం ఏమీ అనుభవించనివారికన్నా నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. గుండె, కాలేయ జబ్బులు కూడా అనుభవాల సంఖ్యతో పాటే పెరిగాయి. భయం ఎడతెగకుండా సాగే ఇంట్లో పిల్లల ఒళ్లు ఎప్పుడూ ప్రమాదానికి సిద్ధంగా ఉంటుంది; కార్టిసాల్ వంటి హార్మోన్లు తగ్గవలసిన వేళ తగ్గవు, నిద్ర చెదురుతుంది, చిన్న మాటకే చేయి లేచే అలవాటు పడుతుంది. దీర్ఘకాలంలో రక్తపోటును పెంచేదీ వీధి గొడవలోకి లాగేదీ ఒకే శరీర వ్యవస్థ. తెలంగాణలో ఈ ప్రశ్నపత్రం తయారుచేస్తే కల్లు కాంపౌండ్‌ను చేర్చక తప్పదు. ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు దొరకని రోజుల్లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం బారులు తీరిన సందర్భాలున్నాయి. లాక్‌డౌన్ పెట్టిన 2020 మార్చిలోనూ అదే జరిగింది. బారులో నిలబడ్డ ప్రతి మనిషి ఇంట్లో అతని వణుకునూ కోపాన్నీ దగ్గరనుంచి చూస్తున్న పిల్లలు ఉండి ఉంటారు. వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

శంషాబాద్ దారిలోనే కనిపించే మరో కారకం మట్టిలో ఉంది. ఆరాంఘర్ పక్కనున్న కాటేదాన్ పారిశ్రామిక వాడలో బ్యాటరీలు, లోహపు పూతలు, ప్లాస్టిక్ పనులు చేసే చిన్న పరిశ్రమలు దశాబ్దాలుగా ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో అక్కడి మట్టిలో సీసం, క్రోమియం, నికెల్ వంటి లోహాలు మితిమీరి ఉన్నట్టు తేలింది. పాకే పిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు. పెద్దల కన్నా పిల్లల పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. అది ఎదిగే మెదడులో నేర్చుకునే శక్తినీ ఆగే శక్తినీ దెబ్బతీస్తుంది. అమెరికాలోని సిన్సినాటిలో పుట్టుకకు ముందు నుంచే గమనించిన 250 మందిలో, ఆరేళ్ల వయసులో రక్తంలోని సీసం ఎంత ఎక్కువైతే పెద్దయ్యాక హింసాత్మక నేరాల్లో అరెస్టులు అంత పెరిగినట్టు 2008లో వెల్లడైంది. అయితే పదేళ్ల తర్వాత డునేడిన్ బృందం అదే లెక్క కడితే సంబంధం బలహీనంగా వచ్చింది. ఆనాటి డునేడిన్‌లో పెట్రోలు పొగ ద్వారా సీసం ధనిక, పేద ఇళ్లకు సమానంగా చేరింది, సిన్సినాటిలో అది పేద వాడల్లోనే పోగుపడింది. కాబట్టి సిన్సినాటి లెక్కలో కొంత సీసానిదీ కొంత పేదరికానిదీ. ఇలా ఒక కారకం నీడలో మరొకటి దాగి ఉండే అవకాశాన్ని పరీక్షించకుండా ఏ ఒక్కదాన్నీ దోషిగా నిలబెట్టకూడదు. కాటేదాన్‌లోనూ సీసం, పేదరికం పక్కపక్కనే ఉన్నాయి. ఆ మట్టిని శుభ్రం చేయడానికి మాత్రం ఆ లెక్క తేలేదాకా ఆగనవసరం లేదు.

శంషాబాద్ పేరు దేశమంతా మారుమోగింది 2019 నవంబరు 27 రాత్రి తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య వల్ల. ఆ క్రూరత్వాన్ని తగ్గించి చెప్పగల శాస్త్రమేదీ లేదు, ఉండకూడదు కూడా. నిందితులైన నలుగురూ లారీల మీద పనిచేసే యువకులు, నారాయణపేట జిల్లా పల్లెల వారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో నలుగురూ చనిపోయారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయనీ, పోలీసులు మేజర్లుగా చూపిన ఆ నలుగురిలో ముగ్గురు నేరం జరిగిన నాటికి మైనర్లనీ పేర్కొంది.

మైనర్లు అన్న ఒక్క మాట ఈ చర్చకు సంబంధించి చాలా పెద్ద మాట. బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం చట్టంతో ఘర్షణ పడిన బాలుణ్ని బాల న్యాయ మండలి ముందుకు తేవాలి. వయసు నిర్ధారణలో మొదటి స్థానం బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రానిది. ప్రొబేషన్ అధికారి పదిహేను రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. కుటుంబం ఎలాంటిది, ఇంట్లో తాగుడు ఉందా, ఎప్పుడు ఎందుకు బడి మానేశాడు, ఏ పనికి వెళ్లాడు, ఎవరైనా హింసించారా, ఆరోగ్యం ఎలా ఉంది అని ఆ నివేదిక అడుగుతుంది. డునేడిన్ శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్నలు దాదాపు ఇవే. పదహారేళ్లు దాటినవారు ఘోర నేరాల్లో పెద్దల మాదిరి విచారణకు గురికావచ్చని అదే చట్టం చెబుతుంది గనుక, ఈ ప్రక్రియ శిక్ష తప్పించే దారి కాదు. శంషాబాద్ కేసులో ఆ నివేదికలు రాసే అవకాశమే మిగలలేదు. ఆ యువకుల బాల్యంలో ఏమున్నదో ఊహించి చెప్పడం శాస్త్రం పేరిట కథ అల్లడమే అవుతుంది. ఊహ అవసరం లేకుండా తెలుసుకునేందుకు చట్టం ఏర్పరచిన దారి కాల్పులతో మూసుకుపోయింది. దానివల్ల నష్టపోయింది చనిపోయినవారి కుటుంబాలు మాత్రమే కాదు. హైవే లారీల మీద చిన్న వయసులోనే క్లీనర్లుగా ఎక్కుతున్న వేల మంది పిల్లల గురించి ఆ విచారణ ఏమి బయటపెట్టేదో అది కూడా పోయింది.

ముందే కనిపెట్టాలన్న కోరిక ఎంత ప్రమాదకరంగా మారగలదో తెలుగువారి చరిత్రలోనే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశాక, ఎరుకల వంటి సంచార కులాల్లో పుట్టిన మనిషిని పుట్టుకతోనే నేరస్థుడిగా రిజిస్టరులోకి ఎక్కించి పోలీసులకు హాజరు చెప్పించారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో రద్దయినా ఊరి పేరు చెబితే అద్దెకు ఇల్లు దొరకని స్థితి దశాబ్దాలు సాగింది. 1970ల మధ్యలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి వెళ్లి చేసిన పని ఈ శాస్త్రానికి సరైన దిశ చూపుతుంది. వారు ఎవరు దొంగ అవుతారని వెతకలేదు. పిల్లలకు చదువు, పెద్దలకు భూమీ పనీ దొరికేలా చూశారు. ముప్పు కారకాల జాబితాను పోలీసు స్టేషనుకు పంపితే అది మరో నేరస్థ తెగల రిజిస్టరు అవుతుంది. అదే జాబితా అంగన్‌వాడీకీ బడికీ చేరితే ఏ ఇంటికి ఏ సాయం అందాలో చెప్పే కాగితం అవుతుంది. ఈ రెండింటి మధ్య తేడా సమాచారంలో లేదు, దాన్ని అందుకునే చేతుల్లో ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీతో సహా దేశంలో ఏడు కేంద్రాల్లో సుమారు పదివేల మంది పిల్లలు, యువకులతో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేపట్టిన సి-వేద అధ్యయనం, దుడుకు ప్రవర్తనకూ వ్యసనాలకూ మూలాలు వెతికేదే అయినా, ఆరోగ్య పరిశోధనగానే రూపుదిద్దుకోవడం సరైన పద్ధతి.

ముప్పును తగ్గించవచ్చనడానికి ఆధారాలు ఉన్నాయి, అవి అద్భుతాలు మాత్రం కావు. అమెరికాలోని మిషిగన్‌లో 1962 నుంచి 1967 వరకు 123 మంది పేద నల్లజాతి పిల్లలతో పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం జరిగింది. మంచి పూర్వ ప్రాథమిక విద్య, వారం వారం ఇంటికి వచ్చే టీచరు దక్కిన పిల్లల్లో నలభై ఏళ్ల నాటికి ఐదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు అరెస్టయినవారు 36 శాతం, దక్కనివారిలో 55 శాతం. 36 శాతం కూడా తక్కువేమీ కాదన్నది నిజమే. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో గర్భిణుల ఇళ్లకు నర్సులను పంపిన డేవిడ్ ఓల్డ్స్ ప్రయోగంలో ఆ పిల్లల అరెస్టులు పదిహేనేళ్ల వయసులో తగ్గినట్టు తేలినా, పందొమ్మిదేళ్ల నాటికి ఆ మేలు ఆడపిల్లల్లోనే నిలిచింది. రంగారెడ్డి జిల్లాకు ఇంతకన్నా దగ్గరి అనుభవం ఉంది. 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ ఈ జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను బయటికి తెచ్చి, బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఈడుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి బడుల్లో చేర్పించింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడేనని ఆ సంస్థ పట్టుబట్టింది. ఈ మాటను అప్పట్లో అతిశయోక్తి అన్నవారు చాలామంది. ముప్పు కారకాల అధ్యయనాలు చదివినవారు అలా అనలేరు.

ఇప్పుడు లోటు ఎక్కడుందో చూడాలంటే శంషాబాద్ చుట్టుపక్కల మండలాల ఇటుక బట్టీల దగ్గరికి వెళ్లాలి. పశ్చిమ ఒడిశా నుంచి పంట కోతల తర్వాత వచ్చే కుటుంబాలను పథురియా అనే లెక్కన తీసుకుంటారు. మొగుడు, పెళ్లాం, ఒక పిల్లవాడు కలిసి ఒక జట్టు, జట్టుకు ఇంత అడ్వాన్సు. అంటే పిల్లవాడి పని ముందే ధరలో కలిసి ఉంటుంది. ఆరబెట్టిన పచ్చి ఇటుకలను తిప్పి పెట్టే పని పిల్లలది, వాళ్ల అడుగు తేలిక కాబట్టి ఇటుక చెదరదు. ఒడిశా ఊళ్లోని అంగన్‌వాడీలో అక్టోబరు దాకా తూచిన బిడ్డ బరువు ఇక్కడి టీచరు పుస్తకంలో ఉండదు, ఇక్కడ వేసిన టీకా అక్కడి కార్డులో పడదు. భాష వేరు, రాష్ట్రం వేరు, ఆధార్‌లో ఊరు వేరు. ఒడియాలో చెప్పే పని ప్రదేశ బడులు కొన్ని బట్టీల దగ్గర నడిచాయి, ప్రతి జనవరి, జులై నెలల్లో పోలీసులు ఆపరేషన్ స్మైల్, ముస్కాన్ పేరిట పిల్లలను పనినుంచి తప్పిస్తున్నారు. 2015 నుంచి తెలంగాణలో నడుస్తున్న ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఇబ్రహీంపట్నం పల్లెల ఉప్మా చూపిన ఫలితాన్ని బట్టి చూస్తే అది పదిహేనేళ్ల తర్వాతి ఆస్పత్రి ఖర్చునూ బడి చదువునూ ఒకేసారి తాకగల భోజనం. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్లిన లబ్ధిదారుల వివరాలను ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలు కూడా ఉంది. బట్టీ సీజను మే, జూన్ దాకా, ఏడు ఎనిమిది నెలలు. బిడ్డ తొలి రెండేళ్లలో అలాంటి సీజన్లు రెండు వస్తాయి. ఆ రెండింటిలోనూ బట్టీ గుడిసెలోని తల్లి పేరును అంగన్‌వాడీ జాబితాలోకి ఎక్కించే బాధ్యత ఫలానా ఉద్యోగిదని జిల్లా యంత్రాంగం రాతపూర్వకంగా నిర్ణయించి, నవంబరు నెలలోనే బట్టీల వారీగా లెక్క తీయించడం, కొత్త పథకమేదీ అక్కర్లేకుండా, ఇప్పుడున్న బియ్యం, గుడ్లు, పాలతోనే చేయగలిగిన పని.